జీపు వేడెక్కేలోపు

పుష్యమాసంలో లంబసింగిలో తెల్లారిందని కళ్ళు చెప్పవు. మంచు ఇంటి చూరు దాకా దిగి ఉంటుంది. వాకిట్లో నిలబడితే పది అడుగుల దూరంలో ఉన్న పనసచెట్టు ఆనదు. తెల్లారిందని నాకు చెప్పింది ఎప్పుడూ మా నాన్న జీపే. ముందు బానెట్ కొక్కేలు రెండూ తీసిన చప్పుడు, తర్వాత సెల్ఫ్ మూలుగు, ఆ తర్వాత నాన్న దగ్గు. ఆ దగ్గు వినబడిందంటే బ్యాటరీ అయిపోవచ్చిందని, ఇక హ్యాండిల్ కొట్టాల్సిందేనని, నేను లేవక తప్పదని అర్థం. నాన్న హ్యాండిల్ తిప్పుతుంటే చోక్ చూసుకోవాల్సింది నేను.

నాకప్పుడు పదేళ్ళు. స్టీరింగ్ వెనక కూర్చుంటే కాళ్ళు పెడల్స్‌కి అందేవి కావు. అందనక్కర్లేదు కూడా. డ్యాష్‌బోర్డు మీద నల్లటి గుండీ ఒకటి ఉండేది, అదే చోక్. నాన్న ముందు వైపు నుంచి అరిచేవాడు. “లాగు!” అంటే గుండీ మొత్తం బయటికి. “సగం!” అంటే సగం లోపలికి. “తొయ్యి!” అంటే పూర్తిగా. మధ్యలో నాన్న కనిపించేవాడు కాదు, లేచిన బానెట్ అడ్డం. మాటను బట్టే చెయ్యి కదలాలి. ఒక క్షణం ఆలస్యంగా తోశానా, పెట్రోలు ఎక్కువైపోయి ప్లగ్గులు తడిసిపోయేవి. ఒక క్షణం ముందు తోశానా, అంటుకున్న ఇంజన్ రెండుసార్లు తుమ్మి ఆగిపోయేది. ఆ ఇంట్లో నాకు అప్పజెప్పిన మొదటి పెద్ద పని అదే, దాన్ని నేను చాలా శ్రద్ధగా చేసేవాణ్ణి.

హ్యాండిల్ మాత్రం నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు. పట్టుకునే తీరు చూపించాడంతే. బొటనవేలు మిగతా నాలుగు వేళ్ళ వైపే ఉండాలి, చుట్టూ తిప్పి పట్టుకోకూడదు. కింది నుంచి పైకి లాగాలి తప్ప పై నుంచి కిందికి నొక్కకూడదు. ఇంజన్ ఒక్కోసారి వెనక్కి తంతుంది. అప్పుడు లాగుతున్న చెయ్యయితే వేళ్ళు విప్పుకుని తప్పించుకుంటుంది, నొక్కుతున్న చెయ్యయితే మణికట్టు విరుగుతుంది. నాన్న కుడి మణికట్టు మీద ఎముక ఒకటి పైకి తేలి ఉండేది. అది ఎలా అయిందో నేనెప్పుడూ అడగలేదు.

ఆ జీపు మహీంద్రా వాళ్ళది, విల్లీస్ నమూనా, సీజే-3బీ. అమెరికాలో విల్లీస్ కంపెనీ 1953 మోడల్‌గా తెచ్చిన బండికి మన దేశంలో పుట్టిన తమ్ముడు. దాని ముక్కు మిగతా పాత జీపుల కన్నా ఎత్తుగా ఉంటుంది. లోపలి హరికేన్ ఇంజన్ ఎత్తైనది, అది పట్టడానికి బానెట్ పైకి లేపాల్సి వచ్చింది. నాలుగు సిలిండర్లు, 134 ఘనపు అంగుళాలు, అంటే ఇంచుమించు 2,200 సీసీ. పూర్తిగా పెట్రోలు బండి. నాన్న దాన్ని వేలంలో కొని, వెనక సీట్లు పీకించి, నాలుగు వైపులా టేకు పలకలు బిగించి పికప్ చేయించాడు. సంతల్లో కొన్న రాజ్మా, అల్లం, పసుపు, పిప్పళ్ళు ఆరేడు బస్తాలు వేసుకుని నర్సీపట్నం దించేవాడు. తిరుగు ప్రయాణంలో ఉప్పు, కిరసనాయిలు, బెల్లం. ఊళ్ళో ఎవరికైనా పురిటి నొప్పులొస్తే ఆ పలకల మధ్య గడ్డి పరిచి, దుప్పట్లు వేసి అదే బండిలో తీసుకుపోయేవారు.

మేముండేది సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తులో. ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. చలికాలం రాత్రి బయట ఉండిపోయినవాడు తెల్లారేసరికి కొర్రలా, అంటే కట్టెలా, బిగుసుకుపోతాడట, అందుకే ఆ పేరని పెద్దవాళ్ళు చెప్పేవారు. డిసెంబరు, జనవరిలో ఉష్ణోగ్రత ఒక అంకెలోకి దిగడం మామూలు, కొన్నేళ్ళు సున్నా దాకా కూడా పోతుంది. అదే రోజు నర్సీపట్నంలో జనం చొక్కాతో తిరుగుతుంటారు. మధ్యలో డౌనూరు దాకా దిగే ఘాటీ ఒకటే తేడా. ఆ ఘాటీలో తిరిగే బండి ఒకే పూటలో రెండు రుతువులు చూడాలి. ఈ రోడ్డు సంగతి వస్తే మా అమ్మమ్మ బాస్టియన్ పేరు తలచుకోకుండా ఊరుకునేది కాదు. ఏజెన్సీ మీద అధికారం చేసిన ఆ తెల్లదొరల కాలపు ఉద్యోగి నర్సీపట్నం, చింతపల్లి రోడ్డు పనిలో మన్యం మనుషుల చేత చాకిరీ చేయించుకుని కూలి ఎగ్గొట్టాడని, అల్లూరి సీతారామరాజు వెనక జనం నడవడానికి అదీ ఒక కారణమని చెప్పేది. 1922 ఆగస్టు 22న సీతారామరాజు దళం పట్టుకున్న మొదటి పోలీసు స్టేషన్ చింతపల్లిదే. ఆ కథ విన్నప్పటి నుంచి ఘాటీలో ఒక్కో మలుపు దాటుతుంటే ఇక్కడ రాళ్ళు మోసింది ఎవరోనని నాకు అనిపించేది. ఇప్పటికీ అనిపిస్తుంది.

జీపు కొన్న ఎండాకాలంలో ఘాటీ ఎక్కుతుంటే రేడియేటర్ మరిగిపోయేది. మూత తీస్తే నీళ్ళు మనిషి ఎత్తు ఎగిరేవి. నాన్న కొండ కింద ఒక మేస్త్రీకి చూపించాడు. ఆయన ఒక పూటలో ఏదో విప్పి బిగించాడు, మరగడం తగ్గింది. నాన్న సంతోషించి ఆయనకు ఒక అల్లం బస్తా దింపి వచ్చాడు. అదప్పుడు మాకు చిన్న విషయం.

కార్తీకం వెళ్ళాక మొదలైంది అసలు బాధ. పొద్దున స్టార్టు కావడం ఒక యుద్ధం, సరే, అది చలి ఊళ్ళో పెట్రోలు బండి ఉన్నవాళ్ళందరికీ ఉన్నదే. మమ్మల్ని ఏడిపించింది దాని తర్వాత జరిగేది. స్టార్టయిన బండి స్లోలో నిలబడదు. యాక్సిలరేటర్ తొక్కితే ముందుకు దూకదు, ఒక్క క్షణం గుటక పడినట్టు ఆగి, కార్బురేటర్‌లోంచి టప్‌మని తుమ్మి, అప్పుడు అందుకుంటుంది. చోక్ తోస్తే ఆగిపోతుంది. చోక్ సగం బయటికి ఉంచి నడిపితే నల్లటి పొగ. పెట్రోలు నీళ్ళలా తాగేది. నర్సీపట్నం పోయి రావడానికి అంతకు ముందు పట్టే దానికి సగం మళ్ళీ ఎక్కువ పోయాల్సి వచ్చింది.

వీటన్నిటినీ మించింది ఘాటీ దిగేటప్పుడు జరిగేది. పొద్దున్నే బస్తాలు వేసుకుని బయల్దేరి, యాక్సిలరేటర్ మీద కాలు తీసేసి గేరులో బండిని దించుతుంటే, సగం దారిలో ఒక పెద్ద మలుపు దగ్గర ఇంజన్ చచ్చిపోయేది. అదే మలుపు, కొంచెం అటూ ఇటూ. సెల్ఫ్ కొడితే పలకదు. రాళ్ళు అడ్డం పెట్టి, బానెట్ ఎత్తి, పెట్రోలు పైపు విప్పి చూస్తే పెట్రోలు వస్తూనే ఉంటుంది. ప్లగ్గు తీసి ఇంజన్‌కు ఆనించి తిప్పితే నిప్పురవ్వ పడుతూనే ఉంటుంది. ఏమీ తోచక బీడీ కాల్చుకుని పావుగంట తర్వాత కొడితే ఏమీ జరగనట్టు స్టార్టయ్యేది. ఈ పావుగంట సంగతి ఎవరికీ అర్థం కాలేదు. చెడిపోయినదైతే చెడిపోయే ఉండాలి కదా. బస్తాల మీద కూర్చుని వచ్చేవాళ్ళు ఆ మలుపులో ఏదో ఉందన్నారు. అమ్మ పాడేరు మోదకొండమ్మ తల్లికి మొక్కుకుని, బండి మలుపు దాటితే అక్కడే కొబ్బరికాయ కొట్టిస్తానంది.

నాన్న మొక్కును కాదనలేదు, పని కూడా ఆపలేదు. ఆయన వరసగా చేసుకుంటూ పోయినవన్నీ నాకు గుర్తున్నాయి, ఎందుకంటే ప్రతిదానికీ లాంతరు పట్టుకున్నది నేనే. ముందు పెట్రోలును అనుమానించాడు. తెల్ల కాగితం మీద ఒక చుక్క వేసి ఆరనిచ్చాడు. మంచి పెట్రోలైతే మరక లేకుండా ఎగిరిపోతుంది, కిరసనాయిలు కలిస్తే జిడ్డు మరక మిగులుతుంది. కాగితం తెల్లగానే ఉంది. తర్వాత డెల్కో, అంటే డిస్ట్రిబ్యూటర్, మూత తీసి పాయింట్లు ఎమరీ కాగితంతో రుద్దాడు. మూత లోపల చెమట పట్టినట్టు తేమ ఉంటే గుడ్డతో తుడిచాడు. ఆ తర్వాత కార్బురేటర్ మొత్తం ఊడదీసి, పళ్ళెంలో పెట్రోలు పోసి, జెట్లు ఒక్కొక్కటీ నోటితో ఊది, వెలుతురుకు అడ్డంపెట్టి చూశాడు. యాక్సిలరేటర్ పంపు తోలు ఎండి ముడుచుకుపోయి ఉంటే మార్చాడు. దానితో ఆ గుటక కొంచెం తగ్గింది. మలుపు మాత్రం వదల్లేదు.

రాత్రిళ్ళు నాలుగు ప్లగ్గులూ విప్పి ఇంట్లోకి తెచ్చేవాడు. చోక్‌తో నడిపిన బండి ప్లగ్గులు దీపం మసి పట్టినట్టు ఉండేవి. వాటిని ఇనప బ్రష్షుతో గీకి, పొయ్యి గట్టు మీద వరసగా నిలబెట్టేవాడు. తెల్లారగట్ల అమ్మ పాలు కాచే మంటకు అవి వేడెక్కేవి. పాలు పొంగే వాసన, పెట్రోలు కాలే వాసన కలిసి మా వంటింటికి ఆ చలికాలమంతా ఒక వాసన ఉండేది. వేడి ప్లగ్గులను పాత గుడ్డలో చుట్టి నా చేతికిచ్చేవాడు. నేను పరిగెత్తుకెళ్ళి ఒక్కొక్కటీ అందిస్తే వేళ్ళు కాలుతుండగానే బిగించేవాడు. అలా చేసిన రోజు మూడు తిప్పుల్లో స్టార్టయ్యేది. రేడియేటర్‌కు ముందు గోనెపట్టా కట్టడం అప్పుడే మొదలుపెట్టాడు. దానితోనూ కొంత గుణం కనిపించింది. ఒకడెవడో ఇంజన్ కింద నిప్పుల కుంపటి పెట్టమన్నాడు. లారీలకు అలా చేస్తారట. పెట్రోలు బండి కింద నిప్పు పెట్టనని నాన్న తెగేసి చెప్పాడు.

ఒక ఉదయం మలుపు దగ్గర బండి ఆగిన వెంటనే, నాన్న రాళ్ళు వెతుకుతుంటే, నేను ముందు సీటు మీంచి దిగి బానెట్ పక్క నుంచి లోపలికి చూశాను. కార్బురేటర్ మెడ తెల్లగా ఉంది. బూడిదేమో అనుకుని వేలు పెట్టాను. వేలు అంటుకున్నట్టయి చురుక్కుమంది. తీసి చూస్తే నా వేలిముద్ర ఆకారంలో లోహం కనబడుతోంది, చుట్టూ తెల్లటి గరుకు పొర. ఇంజన్ అంత సేపు నడిచిన బండిలో, మంట మండే చోటికి జానెడు దూరంలో, మంచు పేరుకుని ఉంది. నాన్నను పిలిచాను. ఆయన వచ్చేసరికి అంచులు కరిగి నీటి చుక్కలు జారుతున్నాయి. ఆయన వాటిని చూసి పెట్రోలు కారుతోందేమో అని వాసన చూశాడు. వాసన లేదు. ఒట్టి నీళ్ళు.

ఆ సాయంత్రం మిలటరీ తాతయ్య వచ్చాడు. అమ్మకు వరసకు మేనమామ. సైన్యంలో బళ్ళు నడిపి, లడఖ్‌లో రెండు చలికాలాలు గడిపి వచ్చినవాడు. అక్కడ రాత్రిపూట రేడియేటర్లలో నీళ్ళు మొత్తం దించేసి పడుకునేవాళ్ళమని, లేకపోతే గడ్డకట్టి ఇంజన్ పగిలిపోయేదని చెప్పేవాడు. నాన్న ఆయన్ని కూర్చోబెట్టి మొదట్నుంచీ చెప్పాడు. నేను మంచు సంగతి చెప్పాను. ఆయన వెంటనే నా వైపు తిరిగాడు.

“మెడకి మంచు పట్టిందా? నీ కళ్ళతో సూసినావా?”

“వేలితో ముట్టుకున్నాను తాతయ్యా.”

ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నాన్నను అడిగాడు. “అల్లుడూ, బండి స్టార్టయినాక రేడియేటర్ పై ట్యాంకు ఎంతసేపటికి వేడెక్కుతాది?”

నాన్న తెల్లమొహం వేశాడు. ఆయన ఎప్పుడూ ఆ ట్యాంకు మీద చెయ్యి పెట్టలేదు. పెట్టేది నేను. చోక్ పని అయిపోగానే దిగి, బానెట్ ముందుకు వచ్చి, చలికి కొంకర్లు పోయిన చేతులు రెండూ ఆ ట్యాంకు మీద ఆనించడం నా రోజువారీ సుఖం. అందుకని నాకు బాగా తెలుసు.

“స్టార్టయిన కాసేపటికే గోరువెచ్చగా అవుతుంది తాతయ్యా. ఇక అంతే. ఎంతసేపున్నా అంతకన్నా వేడెక్కదు. కింద మలుపు దగ్గర చూసినా గోరువెచ్చగానే ఉంటుంది.”

తాతయ్య లేచి నిలబడ్డాడు. “మరదీ సంగతి. పదండి, లాంతరు తెండి.”

ఇంజన్ హెడ్ ముందు కొసన నీళ్ళు బయటికి పోయే మోచెయ్యి గొట్టం ఒకటి ఉంటుంది, దాని మీంచే రబ్బరు పైపు రేడియేటర్‌కు పోతుంది. ఆయన దాని బోల్టులు విప్పించి, గొట్టం లేపి, లాంతరు దగ్గరగా పట్టమన్నాడు. లోపల ఉండాల్సింది లేదు. ఖాళీ. గూడు అంచు మీద పాత ప్యాకింగ్ ముక్క మాత్రం అతుక్కుని ఉంది.

“తీసి పారేసినాడు,” అన్నాడు తాతయ్య. “ఎండాకాలంలో మరుగుతున్నాదంటే తీసేసి ఉంటాడు. కింద ఊళ్ళలో అందరూ సేసే పనే. బండి బిగుసుకుపోయిన వాల్వుతో మరిగిందో, రేడియేటర్ పూడిపోయి మరిగిందో సూడకుండా తీసేస్తారు.”

అక్కడ ఉండాల్సింది థర్మోస్టాట్ వాల్వు. ఇత్తడితో చేసిన గుప్పెట్లో ఇమిడే వస్తువు. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపూ అది మూసుకుని నీళ్ళను రేడియేటర్‌కు పోనివ్వదు. ఇంజన్ లోపలి నీళ్ళు లోపలే తిరుగుతూ త్వరగా వేడెక్కుతాయి. తగినంత వేడి ఎక్కాక అది తెరుచుకుంటుంది. ఇది లేకపోతే మొదటి క్షణం నుంచే నీళ్ళన్నీ రేడియేటర్‌లోకి పోయి, కొండ గాలికి చల్లారి, మళ్ళీ ఇంజన్‌లోకి వస్తాయి. నా చేతికి తగిలిన ఆ గోరువెచ్చదనం ఇంజన్‌కు దక్కాల్సిన వేడి.

దీనికీ కార్బురేటర్ మీద మంచుకూ ఏం సంబంధమని నాన్న అడిగాడు. ఆ రాత్రి తాతయ్య చెప్పింది నాకు అప్పుడు సగమే అర్థమైంది. మిగతా సగం పెద్దయ్యాక ఆ ఇంజన్ పుస్తకం సంపాదించి చదివితే అర్థమైంది. పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది. సూది వేసే ముందు చేతి మీద స్పిరిట్ రాస్తే చల్లగా జిల్లుమనేది అందుకే. కార్బురేటర్ గొంతులో ఆ పని క్షణం ఆగకుండా జరుగుతుంటుంది, అక్కడి గాలి ఉష్ణోగ్రత 20 డిగ్రీల మేర కూడా పడిపోగలదు. బయట ఏడెనిమిది డిగ్రీలుంటే లోపల సున్నాకు దిగువ. మా ఊరి మంచుగాలి నిండా తేమే. ఆ తేమ బటర్‌ఫ్లై అనే గుండ్రటి రేకు అంచున గడ్డకడుతుంది. ఘాటీ దిగేటప్పుడు కాలు తీసేస్తాం కాబట్టి ఆ రేకు దాదాపు మూసుకుని ఉంటుంది, మిగిలింది సన్నటి సందు. ఆ సందు పూడడానికి ఎంత మంచు కావాలి! ఇంజన్ ఊపిరాడక ఆగిపోతుంది. ఆగాక లోపల మిగిలిన వేడి మెల్లగా పైకి పాకి మంచును కరిగిస్తుంది. పావుగంట. నాన్న బీడీ కాల్చుకునేంత సేపు.

పాత జీపుల్లో పెట్రోలు, గాలి కలిసి పోయే దారి పొగగొట్టాన్ని ఆనుకుని ఉంటుంది, పొగ వేడి దాన్ని కాస్తుంది. హరికేన్ ఇంజన్ కట్టుబడి అలా కాదు. ఆ దారిని హెడ్‌లోనే పోత పోసి, చుట్టూ నీళ్ళు తిరిగేలా చేశారు. ఈ ఇంజన్‌లో పెట్రోలును వెచ్చబెట్టేది నీళ్ళు. నీళ్ళు చల్లబడితే ఇంకే ఆధారమూ లేదు. కింద ఎండల్లో ఆ వాల్వు లేకపోయినా బండి నడుస్తుంది, అందుకే ఆ మేస్త్రీకి అది అక్కర్లేని ముక్కగా కనబడి ఉంటుంది. ఆయన మీద నాన్నకు కోపం రాలేదు. నాకు మాత్రం చాలా రోజులు ఉంది. మేం నెలన్నర పెట్రోలు వైపు వెతికాం. లోపం నీళ్ళ వైపు ఉంది.

నాన్న బస్సులో వైజాగ్ వెళ్ళి రెండో రోజు రాత్రికి వాల్వు తెచ్చాడు. తాతయ్య దాన్ని తిన్నగా బిగించనివ్వలేదు. “కొత్తదని నమ్మకు, ముందు సూడు,” అన్నాడు. అమ్మ పప్పు వండే గిన్నెలో నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టింది. వాల్వుకు దారం కట్టి, గిన్నె అడుగుకు తగలకుండా నీళ్ళలో వేలాడదీశారు. దారం పట్టుకోవడం నా వంతు.

అందరం పొయ్యి చుట్టూ కూర్చున్నాం. నాన్న, తాతయ్య, అమ్మ, ఒళ్ళో చెల్లి. కొత్త ఇత్తడి మంట వెలుగుకు మెరుస్తోంది. మధ్యలో రూపాయి బిళ్ళంత రేకు, గట్టిగా మూసుకుని ఉంది. నీళ్ళు వెచ్చబడ్డాయి, ఆవిరి లేచింది, రేకు కదల్లేదు. గిన్నె అడుగున ఆవాలంత బుడగలు పుట్టి అక్కడే అంటుకుని ఉన్నాయి. నా చెయ్యి సెగకు ఎర్రబడింది, మార్చుకోమన్నా మార్చుకోలేదు. బుడగలు ఒక్కొక్కటీ వదిలి పైకి లేవడం మొదలయ్యాక తాతయ్య “ఇప్పుడు సూడు” అన్నాడు. రేకు పక్కన సన్నటి నల్ల గీత ఒకటి కనిపించింది. అది బియ్యపు గింజంత అయింది. తర్వాత పప్పుబద్దంత. ఎవరూ ముట్టుకోకుండా, ఏ చప్పుడూ లేకుండా, రేకు మొత్తంగా కిందికి జరిగి నిలబడింది. లోపలున్న మైనం వేడికి ఉబ్బి దాన్ని నెడుతుందని తాతయ్య చెప్పాడు. దారం పట్టి చల్లనీళ్ళ చెంబులో ముంచాను. కొద్దిసేపటికి మళ్ళీ మూసుకుంది. అమ్మ ఇంకోసారి వెయ్యమంది. ఆ రాత్రి నాలుగుసార్లు దాన్ని వేడి చేసి చల్లార్చాం, పరీక్షకు ఒకసారి చాలు.

మర్నాడు పగలంతా పని. రేడియేటర్ దించి తిరగేసి కింది గొట్టం లోంచి నీళ్ళు ఎక్కిస్తే పైనుంచి బురద, తుప్పు రెండు బకెట్లు వచ్చింది. అసలు ఎండాకాలంలో మరిగింది అందుకే. వాల్వు కూర్చోబెట్టి కొత్త ప్యాకింగ్‌తో గొట్టం బిగించారు. చోక్ తీగ సాగిపోయి గుండీ పూర్తిగా తోసినా లోపలి రేకు పూర్తిగా తెరుచుకోవడం లేదని అప్పుడే బయటపడింది, దాన్ని సరిచేశారు. కొండ మీద గాలి కింది కన్నా పలచన, అంచేత పెట్రోలు పాలు ఎక్కువవుతుందని స్లో స్క్రూ పావు తిప్పు బిగించారు. చోక్‌తో నడిపి నడిపి ఇంజన్ ఆయిల్‌లో పెట్రోలు దిగింది. ఆయిల్ కొలిచే కడ్డీ వాసన చూస్తేనే తెలిసింది. అది దించేసి, చలికి గట్టిపడని పలచటి ఆయిల్ పోశారు. చీకటి పడ్డాక తాతయ్య చేతులు కడుక్కుంటూ నాతో అన్నాడు, “రేపు నువ్వు సీట్లో కాదు. ట్యాంకు దగ్గర నిలబడాల. వేడి తగిలినప్పుడు సెప్పాల.”

పొద్దున సెల్ఫ్‌కే అంటుకుంది. చోక్ తాతయ్య పట్టుకున్నాడు. నేను ముందు నిలబడి ట్యాంకు మీద రెండు చేతులూ పెట్టాను. చల్లగా, రాత్రంతా మంచులో నానిన ఇనుములా ఉంది. ఇంజన్ నడుస్తోంది, ట్యాంకు మాత్రం అలాగే ఉంది. ఇన్నాళ్ళూ ఈపాటికి అరచేతుల్లోకి వచ్చే ఆ కాస్త వెచ్చదనం కూడా లేదు. వాల్వు తెరుచుకోవడం లేదేమో, రాత్రి ఎక్కువసార్లు కాచి పాడుచేశామేమో అని భయం పట్టుకుంది. వేళ్ళు మొద్దుబారాయి. నాన్న సీట్లోంచి పక్కకు వంగి నా మొహమే చూస్తున్నాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఇంకాసేపటికి మళ్ళీ ఊపాను.

అప్పుడు అరచేతుల కింద ఏదో పారింది. వెచ్చదనం మెల్లగా రావడం కాదు, ఒక్కసారిగా వేడి, చెయ్యి తీసెయ్యాలనిపించేంత వేడి. “వచ్చింది నాన్నా!” అని అరిచాను. తాతయ్య చోక్ పూర్తిగా లోపలికి తోశాడు. ఇంజన్ ఒక్క తుమ్ము కూడా తుమ్మలేదు.

ఆ రోజు నన్నూ తీసుకెళ్ళారు. ఏడు బస్తాల రాజ్మా, వాటి మీద తాతయ్య, నాన్న పక్కన నేను. అమ్మ వాకిట్లో నా చేతికి కొబ్బరికాయ ఇచ్చింది. మొదటి మలుపు, రెండో మలుపు. నాన్న కాలు తీసి గేరులో దించుతున్నాడు. మంచులో రోడ్డు రెండు గజాలకు మించి కనబడటం లేదు. ఆ మలుపు వచ్చింది. నాన్న మలుపు దాటించి, బండి పక్కకు తీసి బ్రేకు వేశాడు. ఇంజన్ ఆపలేదు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, నా చేతిలో కొబ్బరికాయ తీసుకుని దిగాడు. తాతయ్య చక్రాల కింద రాళ్ళు పెట్టాడు.

నాన్న మంచులోకి నడిచి మాయమయ్యాడు. నేను సీట్లో ఒక్కణ్ణే. ఎవరి కాలూ యాక్సిలరేటర్ మీద లేదు. బండి తనంతట తను, ఒకే లయలో, స్లోలో నడుస్తోంది. రాయి మీద కాయ పగిలిన చప్పుడు ఆ ఇంజన్ చప్పుడులోంచే వినబడింది.